పానాలు, ప్లేయర్లు, ఉలులు: లోకల్‌వి సరిపోతాయా, రెట్టింపు పెట్టి మంచివి కొనాలా?

పల్నాటిమిర్చి

అందరికీ నమస్కారం. పొలంలోనూ ఇంట్లోనూ వాడుకోవడానికి చేతి పనిముట్లు సమకూర్చుకోవాలి. మా దగ్గరున్నవి పాత మాసీ 1035 ట్రాక్టరు, కల్టివేటరు, కార్బురేటరు ఉన్న స్ప్లెండర్ బండి, 7.5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు. ఇంట్లో మామూలు కరెంటు పని, తలుపులూ గడియల దగ్గర కాస్త చెక్కపని కూడా ఉంటుంది. మెకానిక్ పని నా వృత్తి కాదు. కానీ నెలకు నాలుగైదుసార్లు ఏదో ఒకటి విప్పక తప్పదు.

షాపులో చెప్పిన ధరలు ఇవి. 8 పీసుల డబుల్ ఎండ్ (రెండు చివర్లా నోరున్న) పానాల సెట్టు లోకల్‌దైతే 350, పేరున్న కంపెనీదైతే 900 దాకా. కటింగ్ ప్లేయర్ 120 నుంచి 350 వరకూ ఉంది. ఆన్‌లైన్‌లో 46 పీసుల సాకెట్ సెట్టు 600కే వస్తోంది. అదే జర్మనీ ప్లేయర్ ఒక్కటే 3,000 పైమాట! లోకల్‌దీ కంపెనీదీ పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా మెరుస్తున్నాయి, రెండింటి మీదా క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అనే రాసి ఉంది. నా బడ్జెట్ 8,000. వేటి మీద ఎక్కువ పెట్టాలి, వేటికి అక్కర్లేదు?

రెంచిబాబు

పానా దగ్గర్నుంచి మొదలుపెడదాం, ఎక్కువమంది పొరబడేది అక్కడే. చవక పానా విరిగిపోతుందేమోనని భయపడతారు. అది విరగదండీ. బోల్టు తలను స్లిప్ చేసి తాను మాత్రం బాగానే ఉంటుంది. తల గుండైపోయిన బోల్టు ఇంజను బ్లాకులో ఉండిపోతే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించాలి, లేదా డ్రిల్లు వేసి ట్యాపు కొట్టాలి. ఆ ఖర్చుతో పోలిస్తే 350కీ 900కీ మధ్య తేడా ఒక లెక్క కాదు.

ఎందుకు స్లిప్ అవుతుందంటే, 8 ఎంఎం బోల్టుకు తల 13 అంటాం గానీ, తయారీ ప్రమాణం ప్రకారం అది 12.73 నుంచి 13.00 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పానా నోరు 13 కంటే వెంట్రుకవాసి మాత్రమే పెద్దదిగా ఉండాలి. లోకల్ పానాల్లో నోరు 13.4, 13.5 ఉన్నవి తగులుతాయి. అప్పుడు పానా బోల్టు చదును ముఖాల మీద ఆనకుండా మూలల మీద ఆనుతుంది. బలమంతా సన్నటి గీత మీద పడి మూల చితికిపోతుంది. రెండోది మెత్తదనం. సరిగ్గా హీట్ ట్రీట్‌మెంట్ అయిన పానా గట్టిదనం దాదాపు 40 నుంచి 48 హెచ్ఆర్‌సీ (ఉక్కు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్క) ఉంటుంది. అంతకంటే మెత్తగా ఉన్నది కొత్తలో బాగా పట్టినా, నాలుగుసార్లు బలంగా లాగేసరికి నోరు సాగుతుంది. పైనున్న మెరుపు క్రోమ్ పూత మాత్రమే. లోపలి ఉక్కు సంగతి అది చెప్పదు, పక్కన చెక్కిన అక్షరాలూ చెప్పవు.

మీ దగ్గర ఇంకో చిక్కుంది, ట్రాక్టరుకూ బండికీ సైజులు కలవవు. పాత మాసీలో ఎక్కువ బోల్టులు అంగుళాల లెక్కవే: 7/16, 1/2, 9/16, 5/8, 3/4. మధ్యలో ఎవరైనా మార్చిన చోట మెట్రిక్ బోల్టులు దూరి ఉంటాయి. 3/4 అంటే 19.05 ఎంఎం, కాబట్టి 19 పానా చాలావరకు పనికొస్తుంది. 7/16కి 11, 5/8కి 16 దాదాపు సరిపోతాయి, కానీ పానా సైజు ఒక పిసరు చిన్నదైనా ఎక్కవు, అప్పుడు బలవంతంగా కొట్టి ఎక్కించకండి. అసలు ప్రమాదం 1/2 దగ్గర. అది 12.7 ఎంఎం. 13 పానా సుబ్బరంగా ఎక్కుతుంది, 0.3 వదులుతో. బిగుసుకున్న బోల్టు మీద ఆ వదులు చాలు స్లిప్ అవడానికి. 9/16 అంటే 14.29, దానికి 14 ఎక్కదు, 15 అయితే 0.7 వదులు. కాబట్టి 1/2, 9/16 సైజులు ఏఎఫ్ (తల ఎదురెదురు ముఖాల మధ్య అంగుళాల కొలత) అని రాసి ఉన్నవి విడిగా కొనుక్కోవాల్సిందే. ఈ రెండు రింగు పానాలు లేకుండా ట్రాక్టరు ముట్టుకోకపోవడమే మంచిది.

స్ప్లెండర్‌లో జపాన్ పద్ధతి: 8, 10, 12, 14, 17. అక్కడ 8 ఎంఎం బోల్టుకు తల 12, 10 ఎంఎం బోల్టుకు 14. స్పార్క్ ప్లగ్గుకు 16. మీ షాపువాళ్లు చూపించిన 8 పీసుల సెట్లో 6×7, 20×22 లాంటివి ఏడాదికోసారి కూడా బయటికి తీయరు.

డబుల్ ఎండ్ సెట్టు కంటే ముందు రింగు (బోల్టు తల చుట్టూ పట్టే) సెట్టు కొనండి. బిగుసుకున్నదాన్ని విప్పడానికి రింగు, వదులయ్యాక గబగబా తిప్పడానికి డబుల్ ఎండ్. ఒక్కటే కొనే పరిస్థితైతే ఒక చివర రింగు, ఇంకో చివర నోరు ఉండే కాంబినేషన్ సెట్టు తీసుకోండి. టపారియా, జేకే, ఈస్ట్‌మన్ వీటిలో ఏదైనా ఈ పనికి చాలు. జర్మనీ, జపాన్ దాకా వెళ్లక్కర్లేదు.

ఆ 46 పీసుల డబ్బా మాత్రం వద్దు. పీసుల సంఖ్య పెంచడానికి సగం బిట్లే నింపుతారు. డ్రైవు (సాకెట్టు తగిలించే చదరపు మొన) 1/4 అంగుళం. దాంతో 14 నట్టు విప్పాలని చూస్తే రాచెట్ లోపలి పళ్లు జారిపోతాయి. 1/2 అంగుళం డ్రైవులో ఆరు మూలల సాకెట్లు మీకు కావలసిన సైజులు విడివిడిగా తీసుకుని, ఒక స్లైడింగ్ టీ హ్యాండిల్ పెట్టుకోండి. పన్నెండు మూలల సాకెట్టు తుప్పు పట్టిన బోల్టు మీద ముందుగా జారుతుంది. రాచెట్ కొనాలనుకుంటే ఒక చిన్న సంగతి: 72 పళ్లది 5 డిగ్రీలకే పట్టుకుంటుంది, ఇరుకులో బాగుంటుంది, కానీ పళ్లు సన్నం. చవకలో కొంటే 24 పళ్లదే మొండిగా నిలబడుతుంది, ప్రతి 15 డిగ్రీలకు ఒక క్లిక్. ఏ రాచెట్‌తోనూ బిగుసుకున్న నట్టును మొదటి దెబ్బకు విప్పకండి, దానికి టీ హ్యాండిలే.

కొనేముందుఆగు

రెంచిబాబు గారు పానాల గురించి చెప్పినదాంతో పేచీ లేదు. కానీ 'అన్నీ మంచివే కొను' అనే ధోరణిలో వెళ్తే 8,000 కాదు, 20,000 కూడా చాలవు. చాలామందికి పనికొచ్చే పద్ధతి వేరే. ముందు చవకవి కొనండి, ఏది అరిగిపోతే అది మీరు నిజంగా వాడుతున్న పనిముట్టని అర్థం, దాన్నే మంచిదిగా మార్చండి.

డబ్బు పెట్టక్కర్లేనివి చాలా ఉన్నాయి. సమ్మెట, గడ్డపార ఊళ్లో కమ్మరి చేసినవి బ్రహ్మాండంగా ఉంటాయి. సీ క్లాంపు, గరాటు, నూనె డబ్బా, వైరు బ్రష్షు, రసమట్టం ఏదైనా ఒకటే. రసమట్టాన్ని మాత్రం షాపులోనే పరీక్షించండి. బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట అటుచివర ఇటు వచ్చేలా తిప్పి పెట్టండి. బుడగ అదే గీతల మధ్య నిలవాలి.

హాక్‌సా సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ జనం ఫ్రేముకు పెట్టి బ్లేడు దగ్గర పీనాసితనం చేస్తారు. కోసేది బ్లేడు. ఫ్రేము బ్లేడును బిగుతుగా లాగి పట్టుకుంటే చాలు. బ్లేడును గోటితో మీటితే ఖణేల్‌మనాలి. మామూలు కార్బన్ స్టీలు బ్లేడు కాస్త వంకర పోయినా పుటుక్కున విరుగుతుంది. బై మెటల్ బ్లేడు వీపు వంగుతుంది, పళ్లు మాత్రం హైస్పీడు స్టీలు. రేటు మూడు నాలుగు రెట్లు ఉన్నా, ఒక్కటి చేసే పనికి మామూలు బ్లేడ్లు చాలానే ఖర్చవుతాయి. పళ్ల లెక్క కూడా చూసుకోండి. అంగుళానికి 18 పళ్లది మందపాటి రాడ్డుకు, 24 మామూలు పనికి, 32 పల్చటి రేకుకూ జీఐ పైపుకూ. కోసే మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆని ఉండాలి. పల్చటి పైపు మీద 18 పళ్లది పెడితే పళ్లు తగులుకుని ఊడిపోతాయి, అది బ్లేడు తప్పు కాదు. పళ్లు ముందుకు చూసేలా బిగించాలి, వెనక్కి లాగేటప్పుడు బరువు వేయకూడదు.

రెంచిబాబు

మీ పద్ధతి సమ్మెటకు, బ్రష్షుకు, క్లాంపుకు సరే. పానాకు, స్క్రూడ్రైవరుకు పనికిరాదు. 'అరిగితే మారుద్దాం' అంటారు. ఇక్కడ ముందుగా అరిగేది మన పనిముట్టు కాదు, అవతలి బోల్టు. అది తెలిసేసరికే నష్టం జరిగిపోయి ఉంటుంది. కట్ చేసేవి, గట్టిగా పట్టి తిప్పేవి, కరెంటు తగిలేవి: ఈ మూడింట్లో చవకతో మొదలుపెట్టకూడదు.

ఫేజ్‌న్యూట్రల్

కరెంటు పనిముట్ల గురించి నేను రాస్తాను, వేరే కొన్ని సంగతులు ఉన్నాయి.

ప్లేయర్ పిడికి ఎర్ర ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన అది ఇన్సులేషన్ కాదు. చాలావాటికి అది చేతికి పట్టు కోసం వేసింది. కరెంటు పనికి తయారైనదైతే పిడి మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వీ, ఐఈసీ 60900 (కరెంటు పని చేతి పనిముట్ల అంతర్జాతీయ ప్రమాణం) అని ఉంటాయి. కొన్నిటికి లోపల ఒక రంగు, పైన ఒక రంగు పొరలు వేస్తారు. పై పొర తెగి లోపలి రంగు కనిపిస్తే ఆ ప్లేయర్‌ను కరెంటు పని నుంచి తప్పించాలి. ఇలాంటి కాంబినేషన్ ప్లేయర్, ఒక టెస్టర్ కాని మామూలు స్క్రూడ్రైవర్, రెండూ 1000 వీ వి తీసుకోండి. మిగతా ప్లేయర్లు మామూలువి చాలు. ఇన్సులేషన్ ఉందని లైవ్‌లో పని చేయమని కాదు, మెయిన్ ఆపాక కూడా పొరపాటు జరిగితే కాపాడడానికి.

మోటారు స్టార్టరు దగ్గర నియాన్ టెస్టర్‌ను నమ్మకండి. త్రీఫేజ్‌లో ఒక ఫేజు పోయినప్పుడు అదే లైను మీద నడుస్తున్న మోటార్ల వైండింగు గుండా మిగతా రెండు ఫేజుల వోల్టేజి మూడో తీగకు తిరిగొస్తుంది. టెస్టర్ మూడింటిలోనూ వెలుగుతుంది. 'కరెంటు మూడు ఫేజులూ ఉంది' అనుకుని స్టార్టరు నొక్కితే మోటారు మూలిగి వైండింగు వేడెక్కుతుంది. ఫేజుకూ ఫేజుకూ మధ్య మూడు జతలూ కొలవాలి, ఒక్కోటి దాదాపు 415 రావాలి. దీనికి మీటరు తప్పనిసరి.

మామూలు మల్టీమీటరు కంటే క్లాంపు మీటరు మీకు ఎక్కువ ఉపయోగం. ఒక్కో తీగను విడిగా క్లాంపులో పెడితే ఆంపియర్లు తెలుస్తాయి. మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి, నేమ్‌ప్లేటు మీద రాసినదాన్ని దాటకూడదు. ఒకటి బాగా తక్కువ, రెండు ఎక్కువ చూపిస్తే ఫ్యూజు, కాంటాక్టరు పాయింట్లు, కేబుల్ జాయింటు వరుసగా చూడండి. మూడు తీగల్నీ కలిపి క్లాంపులో పెడితే సున్నా దగ్గరే చూపిస్తుంది, మీటరు పాడైందనుకుంటారు చాలామంది. మీటరు మీద క్యాట్ 3 (త్రీఫేజ్ లైన్ల మీద కొలవడానికి తగ్గ భద్రత స్థాయి), 600 వీ అని రాసి ఉన్నది తీసుకోండి. ఇక్కడ డబ్బు చూసుకోకండి. చవక మీటర్లలో లోపల చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది. ప్రోబులు ఆంపియర్ల సాకెట్లో ఉండగా మర్చిపోయి 415 వోల్టుల మీద పెడితే అది ఆ షార్టును ఆపలేదు, మీటరు చేతిలోనే పేలుతుంది.

ఇంకొకటి, ఎంసీబీలూ కాంటాక్టర్ల టెర్మినల్ స్క్రూలు చూడ్డానికి నక్షత్రంలా ఉన్నా చాలావరకు పోజిడ్రైవ్ రకం, పీజెడ్2. మామూలు పీహెచ్2 (ఫిలిప్స్) పెట్టి తిప్పితే పూర్తిగా బిగియకముందే జారుతుంది. వదులుగా మిగిలిన టెర్మినల్ వేడెక్కి నల్లబడుతుంది. పీజెడ్2 ఒక్కటి అదనంగా కొంటే ఖర్చు ఎంతో కాదు. స్టార్టరు పక్కన కెపాసిటరు పెట్టి ఉంటే, మెయిన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో చూసి అప్పుడు ముట్టుకోండి.

టేకుచెక్క

చెక్కపనికి మీకు కావలసినవి రెండు ఉలులు, ఒక రంపం, ఒక మూలమట్టం. తలుపు బందులు దింపడానికి, గడియ గుంట తవ్వడానికి 1/2 అంగుళం, 1 అంగుళం ఉలులు చాలు. ఆరు ఉలుల సెట్టు కొనకండి, నాలుగు తుప్పు పడతాయి.

ఉలికి ధర కంటే పదును నిలవడం ముఖ్యం. మరీ మెత్తగా ఉంటే అంచు మడతపడుతుంది, మరీ గట్టిగా ఉంటే పెచ్చులుగా లేస్తుంది. టేకులో సిలికా ఉంటుంది, ఏ ఉలినైనా త్వరగా మొద్దు చేస్తుంది, దానికి ఉలిని తిట్టి లాభం లేదు. మంచి కమ్మరి కమాను పట్టీ ఉక్కుతో చేసిన ఉలి కంపెనీదానికి తీసిపోదు. కాకపోతే కాల్చి ముంచి మళ్లీ మితంగా వేడి చేయడం ఆ కమ్మరికి చేతనై ఉండాలి. ఎండిన తుమ్మ చెక్క మీద పది దెబ్బలు కొట్టి అంచును వెలుతురులో చూడండి. మెరిసే చుక్కలు కనబడితే అంచు విరిగిందో మడతపడిందో తేలిపోతుంది.

కొత్త ఉలి, ఎంత ఖరీదైనదైనా, డబ్బాలోంచి తీసి వాడేలా ఉండదు. ముందు వీపు భాగం చివరి రెండు సెంటీమీటర్లు రాయి మీద చదును చేయాలి. వాలు 25 డిగ్రీలకు సానపట్టి, కొసలో సన్నగా 30 డిగ్రీల అంచు తీయండి. 1000 గ్రిట్ రాయితో మొదలుపెడితే సరిపోతుంది. గ్రైండరు మీద పెడితే మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఆ మేరకు గట్టిదనం పోయింది, అంతవరకు అరగదీయడం తప్ప దారి లేదు. అందుకే నా లెక్కలో 900 ఉలి, సానరాయి లేకుండా కొనడం కంటే 300 ఉలి, 600 రాయి కలిపి కొనడం మేలు.

రంపానికి పళ్ల కొసలు నీలంగా ఉండే హార్డ్ పాయింట్ రకం తీసుకోండి. ఆకురాయి దాని మీద పనిచేయదు, పదును పోతే పారేయడమే. అయినా అప్పుడప్పుడు వాడే ఇంటికి అదే లాభం. మేకులున్న పాత చెక్క మీద మాత్రం పెట్టకండి.

పల్నాటిమిర్చి

చాలా వివరంగా చెప్పారు, అందరికీ థ్యాంక్స్. ఇంకో మూడు అనుమానాలు. పేరున్న కంపెనీల నకిలీలు వస్తున్నాయంటున్నారు, షాపులో నిలబడి ఎలా పోల్చుకోవాలి? పాత బజార్లో సెకండ్‌హ్యాండ్‌వి తీసుకోవచ్చా? స్ప్లెండర్ కార్బురేటరు కింది కప్పు స్క్రూలు నక్షత్రం తలలు సగం అరిగి ఉన్నాయి. దీనికి ఖరీదైన స్క్రూడ్రైవరు పనికొస్తుందా?

రాణిగంజ్‌గల్లీ

షాపుకు పోయేటప్పుడు జేబులో మూడు వస్తువులు పెట్టుకో అన్నా: 13 తల ఉన్న కొత్త 8 ఎంఎం బోల్టు, ఒక వర్నియర్, రెండు మూరల ఫ్లెక్సిబుల్ వైరు. వీటితో సగం తేలిపోతది.

పానా నోట్లో బోల్టు పెట్టి అటూ ఇటూ ఊపు. కొంచెం కదలాలి, లొడలొడలాడొద్దు. వర్నియర్‌తో నోటి లోపలి ఖాళీ కొలువు, 13.3 దాటితే పక్కన పెట్టెయ్. నోటి రెండు ముఖాలు సమాంతరంగ ఉన్నాయా, లోపలి పక్క, చివర రెండు చోట్ల కొలిస్తే తెలుస్తది. ఆకురాయితో గీకే పరీక్ష చాలామంది చెప్తరు గానీ, మంచి పానా మీద కూడా ఆకురాయి పడతది, ఎందుకంటే ఆకురాయి దానికంటే చాలా గట్టిది. మామూలు బోల్టు మీద పడ్డంత సులువుగ పడితేనే అనుమానించాలి. షాపువాడు గీకనిస్తడా అనేది వేరే ముచ్చట.

ప్లేయర్‌ను మూసి వెలుగుకు ఎదురుగ పట్టు. కొసలు కలవాలి. కట్టర్ అంచుల మధ్య వెలుగు కనబడొద్దు. తర్వాత వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి కట్టర్ మొదట్ల, మధ్యల, చివర్ల కోసి చూడు. మూడు చోట్లా టక్కున తెగాలి, నలిగి వంగిపోతే వద్దు. పిడులు పట్టుకుని పక్కలకు ఊపితే రివెట్ దగ్గర కదలిక ఉండొద్దు. మంచి ప్లేయర్‌తో కూడా క్లచ్ కేబులు, స్ప్రింగు తీగ కోయొద్దు, అంచు మీద అర్ధచంద్రం గుంట పడతది.

నకిలీకి చూడాల్సింది అచ్చు. అసలుది దెబ్బతో పడ్డ అచ్చు, అక్షరాల అంచులు తీరుగ ఉంటయి, సైజు రెండు చివర్లా స్పష్టంగ ఉంటది. నకిలీల మీద అక్షరాలు అరిగినట్టు, అలికినట్టు ఉంటయి, పేరులో ఒక అక్షరం మారి కూడా ఉంటది. డబ్బా మీద ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని నంబరు చూడు: డబుల్ ఎండ్ పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029, కాంబినేషన్ ప్లేయర్‌కు ఐఎస్ 3650, పైపు రెంచీకి ఐఎస్ 4003. పానా మీద ప్లేయర్ నంబరు ఉంటే ఇంక చెప్పేదేముంది. హైదరాబాద్ వస్తే రాణిగంజ్‌ల హోల్‌సేల్ షాపులో బిల్లు అడిగి తీస్కో. బిల్లు ఇయ్యనంటే పక్క షాపుకు పో.

సెకండ్‌హ్యాండ్ బేషుగ్గా తీసుకోవచ్చు, ఎర్రగడ్డ ఆదివారం సంతల పాత ఫ్యాక్టరీ పానాలు దొరుకుతయి. క్రోమ్ పోయినా, పైపైన తుప్పు ఉన్నా ఫికర్ లేదు. నోరు సాగిందా, వెల్డింగ్ పడిందా, గ్రైండర్‌తో నోరు పెద్దగ చేసిన్రా అనేది చూడు. క్రోమ్ పొరలు పొరలుగ లేచినది మాత్రం వద్దు, ఆ పెచ్చు గాజు ముక్కలాగ వేలు కోస్తది. ఆకురాళ్లు, డ్రిల్ బిట్లు, కొలిచే సామాను పాతవి కొనకు. తల చుట్టూ పుట్టగొడుగులాగ పరుచుకున్న చీజిల్ కొంటే ఆ అంచు మొత్తం గ్రైండ్ చేసినాకే సుత్తి పెట్టు, లేకుంటే ముక్క ఎగిరి కంట్ల పడతది.

రెంచిబాబు

స్ప్లెండర్ స్క్రూల సంగతి. నక్షత్రం తలలన్నీ ఒకటి కాదు. జపాన్ పద్ధతి బండ్లలో జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం గుంటలు ఉంటాయి. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ కొస వాటి అడుగును తాకి ఆగిపోతుంది, రెక్కలు గుంట గోడలకు పూర్తిగా ఆనవు. తిప్పగానే పైకి లేచి తల తినేస్తుంది. జేఐఎస్ స్క్రూ మీద చాలావాటికి మధ్యలో ఒక చిన్న చుక్క ఉంటుంది, అది గుర్తు. జపాన్‌కు చెందిన వెస్సెల్ లాంటివాళ్లు ఈ కొసతో డ్రైవర్లు చేస్తారు. మీ పట్టిక మొత్తంలో దిగుమతి సరుకుకు డబ్బు పెట్టమని నేను చెప్పేది ఈ ఒక్క 2 నంబరు డ్రైవరుకే.

అరిగిన తలల మీద ఇలా చేయండి. ముందు రస్ట్ స్ప్రే కొట్టి ఒక పూట వదిలేయండి. డ్రైవరును నిటారుగా పెట్టి, పిడి మీద చిన్న సుత్తితో రెండు మూడు తేలికపాటి దెబ్బలు వేయండి, మర వదులవుతుంది, కొస కూడా దిగుతుంది. ఆ తర్వాత బలంలో ఎక్కువ భాగం కిందికి నొక్కడానికి, తక్కువ భాగం తిప్పడానికి వాడండి. విప్పాక ఆ స్క్రూలు మళ్లీ పెట్టకుండా అలెన్ తల (ఆరు మూలల గుంట ఉన్న) స్క్రూలు మార్చేయండి. పొడవూ మరా పాతవాటితో సరిపోల్చాకే. 5 ఎంఎం స్క్రూకు 4 అలెన్ కీ, 6 ఎంఎంకు 5, 8 ఎంఎంకు 6.

సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి దొరుకుతుంది, కొట్టిన దెబ్బను తిప్పుడుగా మారుస్తుంది. అది క్లచ్ వైపు ఆయిల్ ఫిల్టర్ రోటర్ మూత స్క్రూలకు దివ్యంగా పనిచేస్తుంది, దీనికి లోకల్‌ది చాలు, దాని బిట్లు మాత్రం మంచివి మార్చుకోండి. కార్బురేటరు మీద పెట్టకండి, పోత పగులుతుంది.

అలెన్ కీలు కూడా లోకల్‌వి వద్దు, కొస మూలలు గుండైపోతే కీని కొంత గ్రైండ్ చేసి మళ్లీ వాడొచ్చు గానీ స్క్రూ గుంట పోతే ఏమీ చేయలేం.

పల్నాటిమిర్చి

అర్థమైంది. చివరిగా రెండు. టార్క్ రెంచీ అవసరమా, లేక చేతి అంచనా చాలా? బోరు పైపులు తీసేటప్పుడు వాడే పైపు రెంచీ ఎంత సైజు, ఏ రకం?

ఫేజ్‌న్యూట్రల్

పైపు రెంచీకి: 2 అంగుళాల జీఐ పైపు బయటి కొలత దాదాపు 60 ఎంఎం. 14 అంగుళాల రెంచీ 2 అంగుళాల దాకా పడుతుంది, కానీ ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న జాయింటుకు ఆ పిడి పొడవు చాలదు. 18 అంగుళాలవి రెండు కావాలి, ఒకటి కింది పైపును పట్టడానికి, ఒకటి పైదాన్ని తిప్పడానికి. ఒక్కదాన్ని వాడితే బోరు మూతి దగ్గర పైపును పట్టి ఉంచే క్లాంపు మీద బరువంతా పడుతుంది. పిడికి పైపు తొడిగి పొడవు పెంచకండి, పిడి వంగుతుంది లేదా దవడ పగులుతుంది, మనిషి బోరు మీదికే తూలుతాడు. పళ్లు అరిగిన రెంచీ జారడం కూడా అంతే ప్రమాదం. కొనేటప్పుడు పై దవడ, కింది దవడ పళ్లు విడిగా మార్చుకునేలా ఉన్నదా అడగండి. వాడేటప్పుడు పైపుకూ పై దవడ వెనక భాగానికీ మధ్య వేలు మందం ఖాళీ వదలండి, అప్పుడే పళ్లు కరుస్తాయి. ఏడాదికోసారి పనైతే ఇవి కొనకుండా బోరు లేపే గ్యాంగు దగ్గరివే వాడుకోవడం నయం, ఆ డబ్బు క్లాంపు మీటరుకు పోనివ్వండి.

రెంచిబాబు

టార్క్ రెంచీ ట్రాక్టరుకు మీరు చేసే పనికి అక్కర్లేదు. సిలిండర్ హెడ్ విప్పే రోజు వస్తే మెకానిక్ తెస్తారు. బండికి వాడాలనుకుంటే 1/2 డ్రైవుది కొనకండి. బండి అల్యూమినియం కేసింగులో 6 ఎంఎం బోల్టులు 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తే చాలు, 10 ఎంఎం మర ఉన్న స్పార్క్ ప్లగ్గుకు 10 నుంచి 12. 20 నుంచి 110 దాకా ఉన్న రెంచీ ఈ పనికి రాదు, 10 అనేది దాని మీద ఉండనే ఉండదు, పైగా కింది కొసలో క్లిక్ చాలా మెల్లగా వస్తుంది, వినబడక ఇంకా తిప్పుతారు, మర ఊడివస్తుంది. 5 నుంచి 25 రేంజి ఉన్న 1/4 డ్రైవుది కావాలి. ఇప్పుడే వద్దనుకుంటే 6 ఎంఎం బోల్టుకు పొట్టి పానా వాడి, పిడిని కొస దగ్గర కాకుండా మధ్యలో రెండు వేళ్లతో పట్టి బిగించండి. ఎప్పటికైనా టార్క్ రెంచీ కొంటే పని అయ్యాక కింది అంకెకు తిప్పి పెట్టేయాలి, దాంతో బోల్టులు విప్పకూడదు.

మీ 8,000 సంగతి నా లెక్కలో ఇలా పోతుంది. మెట్రిక్ రింగు సెట్టు, 1/2, 9/16 ఏఎఫ్ రింగులు, టీ హ్యాండిల్‌తో ఆరేడు సాకెట్లు కలిపి సగానికి కాస్త తక్కువ. క్లాంపు మీటరుకు పావు వంతు దాకా. మిగిలినదాంట్లో 1000 వీ ప్లేయరు, స్క్రూడ్రైవరు, పీజెడ్2, జేఐఎస్ 2 నంబరు డ్రైవరు, అలెన్ కీలు, బై మెటల్ బ్లేడ్లు రెండు. ఉలులు, సానరాయి వచ్చే నెలకు వాయిదా వేయండి. డబుల్ ఎండ్ పానాలు సెట్టుగా కాకుండా 10×12, 14×17 రెండే విడిగా అడగండి, ఇస్తారు.